పరిశోధన ఏం తేల్చిందో రాసేముందు, ఎవరిని ఎవరితో పోల్చిందో రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. బడుల సంస్కరణ గురించి మీ పత్రికలో నడుస్తున్న చర్చను మొదటినుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. పేద పిల్లలు ప్రైవేటు బడికి వెళ్లదలిస్తే వారి ఫీజును ప్రభుత్వమే కట్టాలని ఒక వ్యాసకర్త రాశారు. అలా చేస్తే ప్రభుత్వ బడికి మిగిలిన కాస్త ఊపిరీ ఆగిపోతుందని మరొకరు జవాబిచ్చారు. వారిద్దరిలో ఎవరి పక్షం వహించడానికీ నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఇద్దరూ తమ వాదనకు ముక్తాయింపుగా పలికిన మాట ఒక్కటే: పరిశోధనలు ఈ సంగతి ఎప్పుడో తేల్చేశాయని. పైగా ఇద్దరూ చూపించిన పరిశోధన కూడా ఒకటే. ఒకే సాక్షి వాదికీ ప్రతివాదికీ అనుకూలంగా చెప్పాడంటే, అతను అబద్ధమైనా ఆడి ఉండాలి, లేదా ఇద్దరు ప్లీడర్లూ తమకు కావలసినంత వరకు విని లేచిపోయి ఉండాలి. ఇక్కడ జరిగింది రెండోదే. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని కనుక, అంకెలను ఇలా సగం సగం పంచుకోవడం చూసి ఊరుకోలేకపోయాను.

వారు పేర్కొన్నది కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్లపాటు నడిపి, 2015లో ప్రచురించిన అధ్యయనం. ప్రైవేటు బడిలో చేరే పిల్లల ఫీజుకు చెల్లే వోచర్లు ఏ గ్రామాల్లో ఇవ్వాలో ముందు లాటరీ తీశారు. ఆ గ్రామాల్లో దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్లో ఎవరికివ్వాలో మళ్లీ లాటరీ తీశారు. ఇంత శ్రమ ఎందుకంటే, పిల్లవాణ్ని ప్రైవేటు బడికి పంపే ఇంటికీ పంపని ఇంటికీ మధ్య రాబడిలో, తల్లిదండ్రుల చదువులో, పట్టుదలలో ముందునుంచే తేడా ఉంటుంది. రెండు బడుల మార్కులు పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన అందులో బడి చలవ ఎంత, ఇంటి చలవ ఎంత అన్నది తెలియదు. చీటీ తీసి ఇచ్చినప్పుడు ఆ తేడాలు రెండు వైపులా ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి.

నాలుగేళ్ల తర్వాత చూస్తే వోచరు వచ్చిన పిల్లలకూ రాని పిల్లలకూ మధ్య తెలుగులో గానీ లెక్కల్లో గానీ తేడా లేదు. ఇంగ్లీషు, సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. హిందీలో మాత్రం వోచరు పిల్లలు చాలా ముందున్నారు, ఎందుకంటే అక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పేవారే కాదు. తెలుగుకూ లెక్కలకూ ప్రైవేటు బడులు కేటాయించిన సమయం ప్రభుత్వ బడుల కంటే బాగా తక్కువ. ఒక్కో పిల్లవాడి మీద వాటికయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. వోచరు రాక పాత బడిలోనే మిగిలిన పిల్లలకు ఈ పథకం వల్ల మేలూ కనబడలేదు, కీడూ కనబడలేదు.

ఇప్పుడు మీ వ్యాసకర్తలు దీన్ని ఎలా పంచుకున్నారో చూడండి. మొదటివారు ఖర్చు సంగతి తీసుకుని, మార్కుల్లో తేడా లేదన్నది వదిలేశారు. ఊళ్లలో ప్రైవేటు బడుల పిల్లలకూ ప్రభుత్వ బడుల పిల్లలకూ మధ్య కనిపించే పెద్ద అంతరంలో ఎక్కువ భాగం ఇంటి నుంచి వచ్చిందేనన్నది ఈ అధ్యయనం చెప్పిన ముఖ్యమైన సంగతి. అది ఆయనకు ఇబ్బందికరం. రెండోవారు మార్కుల సంగతి తీసుకుని, మిగిలిపోయిన పిల్లలకు నష్టం జరగలేదన్నది వదిలేశారు. ప్రభుత్వ బడి కూలిపోతుందన్న ఆయన భయానికి ఈ 180 గ్రామాల్లో ఆధారం దొరకలేదు. అలాగని ఆ భయం ఉత్తదని కూడా తేలిపోలేదు. కొంతమందికి నాలుగేళ్లు వోచర్లు ఇవ్వడం వేరు, దేశమంతటికీ శాశ్వతంగా ఇవ్వడం వేరు. చిలీ దేశం 1981లో ఆ రెండో పనే చేసింది. ఆ దేశపు అనుభవాన్ని పరిశీలించి చాంగ్‌తాయ్ షే, మిగెల్ ఉర్కియోలా 2006లో ప్రచురించిన విశ్లేషణలో సగటు ఫలితాలు మెరుగుపడిన ఆనవాలు లేదు. కాస్త ఉన్న ఇళ్ల పిల్లలు ప్రభుత్వ బడులు వదిలి వెళ్లిపోవడం మాత్రం పెరిగింది. ఇక ప్రైవేటు బడి ఖర్చు తక్కువ కావడానికి మొదటి కారణం అక్కడి టీచర్ల జీతం ప్రభుత్వ టీచర్ల జీతంలో చిన్న భాగం కావడమే. దాన్ని పొదుపు అనాలా, శ్రమదోపిడీ అనాలా అన్నది ఏ పరీక్ష మార్కులూ చెప్పలేవు. అది మనం తేల్చుకోవలసిన సంగతి.

ఒకే అధ్యయనాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదవడం ఒక తంటా అయితే, ఒకే సమాచారంలోంచి పరిశోధకులే మూడు రకాల ఫలితాలు తీయడం ఇంకో తంటా. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1990లో పేద కుటుంబాలకు వోచర్ల పథకం మొదలైంది. జాన్ విట్ వోచరు పిల్లలను నగరంలోని మామూలు ప్రభుత్వ బడి పిల్లలతో పోల్చి, నిలకడైన తేడా ఏదీ లేదన్నారు. జే గ్రీన్, పాల్ పీటర్సన్ బృందం అదే పిల్లలను, దరఖాస్తు పెట్టుకుని లాటరీలో సీటు రాని పిల్లలతో పోల్చి, మూడో నాలుగో ఏళ్లకు లాభం కనబడిందన్నారు. సెసీలియా రౌస్ మరో పద్ధతిలో లెక్కగట్టి, గణితంలో లాభం ఉంది, చదవడంలో లేదన్నారు. అందరూ నిపుణులే, ఎవరూ అంకెలు మార్చలేదు. ఎవరితో పోల్చాలన్న దగ్గరే దారులు చీలాయి. లాటరీలో ఓడిపోయినవారితో పోల్చడం న్యాయంగానే కనిపిస్తుంది, కానీ వారిలో చాలామంది తర్వాతి పరీక్షలకు దొరకలేదు. దొరికినవారు దొరకనివారి లాంటివారేనా అన్న అనుమానం ఉండనే ఉంటుంది. మామూలు బడి పిల్లలతో పోల్చితే దొరకడానికి ఇబ్బంది లేదు, కానీ వారి ఇళ్లు వేరు. వార్తల్లోకి మాత్రం ఈ గొడవ ఏదీ రాలేదు. వోచర్లు పనిచేస్తాయని ఒకచోట, పనిచేయవని మరోచోట వచ్చింది.

పరిశోధన సరిగ్గానే జరిగి, ఫలితం నిజమే అయి, దాన్ని మరోచోట నాటినప్పుడు మొక్క ఎండిపోయిన సందర్భాలూ ఉన్నాయి. తరగతిలో పిల్లల సంఖ్య గురించి అందరూ ఉదహరించే, అమెరికాలోని టెనెసీ రాష్ట్రపు ప్రయోగం 1985లో మొదలైంది. 79 బడుల్లో, కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు సుమారు 11,600 మంది పిల్లలను చీటీ పద్ధతిలో మూడు రకాల తరగతుల్లో కూర్చోబెట్టారు. ఒకదానిలో 13 నుంచి 17 మంది, ఇంకోదానిలో 22 నుంచి 25 మంది, మూడోదానిలో అంతే పిల్లలు కానీ టీచరుకు తోడుగా ఒక సహాయకురాలు. చిన్న తరగతి పిల్లలు స్పష్టంగా ముందున్నారు. నల్లజాతి పిల్లలకూ పేద పిల్లలకూ లాభం మరింత ఎక్కువ. సహాయకురాలి వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఈ ఫలితాల మీద అలన్ క్రూగర్, ఎరిక్ హనుషెక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు గానీ, ప్రయోగం జరిగిన తీరు మాత్రం ఈ రంగంలో అరుదైనదని చాలామంది ఒప్పుకున్నారు.

దాన్ని చూసి కాలిఫోర్నియా 1996లో రాష్ట్రమంతటా చిన్న తరగతులను ఇరవై మందికి కుదించడానికి బడులకు డబ్బిచ్చింది. ఒక్కసారిగా వేలాది టీచర్లు కావలసి వచ్చారు. శిక్షణ పూర్తికానివారిని తీసుకున్నారు. పేద ప్రాంతాల బడుల్లో అనుభవమున్న టీచర్లు బాగున్న ప్రాంతాల్లో కొత్తగా ఏర్పడిన ఖాళీలకు వెళ్లిపోయారు. గదులు చాలక గ్రంథాలయాలు, సంగీతం గదులు తరగతులయ్యాయి. చివరికి మూల్యాంకనం చేసినవారు, మార్కులు కొంత పెరిగినా అది తరగతి చిన్నదైనందువల్లేనని చెప్పలేమన్నారు. టెనెసీ ప్రయోగంలో టీచరు నాణ్యత మారకుండా తరగతి ఒక్కటే చిన్నదైంది. కాలిఫోర్నియాలో తరగతి చిన్నదవుతూ టీచరు కూడా మారిపోయాడు. ఈ రెంటినీ ఒకే మాటగా "చిన్న తరగతులు" అని రాసేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

కెన్యాలో కాంట్రాక్టు టీచర్ల కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఒకే పథకాన్ని కొన్ని బడుల్లో స్వచ్ఛంద సంస్థ, కొన్ని బడుల్లో ప్రభుత్వం అమలు చేశాయి. సంస్థ నడిపినచోట పిల్లలు మెరుగుపడ్డారు, ప్రభుత్వం నడిపినచోట ఫలితం సున్నా. పథకం పేరు ఒకటే, నియమాలూ ఒకటే. జీతం వేళకు అందడం, అజమాయిషీ, సంఘాల ప్రతిఘటన వంటివి పథకం కాగితంలో ఉండవు. అదే దేశంలో పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తే, అప్పటికే బాగా చదివే పిల్లలకు తప్ప ఇతరులకు ఉపయోగపడలేదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష.

ఇండొనేసియాలో అర్హత పత్రం పొందిన టీచర్లకు జీతం రెట్టింపు చేశారు. రెండు మూడేళ్లలో పిల్లల చదువులో మార్పు రాలేదని అధ్యయనం తేల్చింది. దాంతో "జీతాలు పెంచితే లాభం లేదు" అన్నది ఒక సిద్ధాంతమైపోయింది. ఆ అధ్యయనం చూసింది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి, పనితీరు మీద ఏ షరతూ లేకుండా పెంచితే ఏమవుతుందని మాత్రమే. మంచి జీతం ఉంటే రేపు ఎలాంటి యువకులు ఈ వృత్తిలోకి వస్తారన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు రావడానికి రెండు మూడేళ్లు కాదు, ఒక తరం పడుతుంది.

లెక్కల మాస్టారిగా నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెప్పనివ్వండి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ పెద్ద హైస్కూళ్లను చిన్నవిగా విడగొట్టడానికి భారీగా ఖర్చుపెట్టింది. మంచి ఫలితాలున్న బడుల జాబితా తీస్తే అందులో చిన్న బడులు ఎక్కువగా ఉండటం అప్పటి వాదనల్లో ఒకటి. హోవర్డ్ వైనర్ అనే గణాంక నిపుణుడు పెన్సిల్వేనియా రాష్ట్రపు బడుల అంకెలు తీసి, జాబితా అడుగు భాగం కూడా చూశాడు. అక్కడా చిన్న బడులే ఎక్కువ. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఎనిమిదిసార్లు బొమ్మ పడటం వింత కాదు. వెయ్యిసార్లు ఎగరేస్తే ఎనిమిది వందలసార్లు పడదు. ముప్పై మంది పరీక్ష రాసే బడిలో ఇద్దరు చురుకైన పిల్లలు చేరితే సగటు ఎగురుతుంది, ఇద్దరికి జ్వరం వస్తే పడిపోతుంది. వెయ్యి మంది ఉన్న బడిలో ఈ ఒడుదొడుకులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి శిఖరం మీదా లోయలోనూ చిన్న బడులే కనిపించడం బడి గొప్పదనం కాదు, అంకెల స్వభావం. ఆ చిన్న బడుల్లో చాలావాటిలో ఆశించిన ఫలితాలు రాలేదని బిల్ గేట్స్ 2009లో స్వయంగా ఒప్పుకున్నారు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత న్యూయార్క్ నగరంలో లాటరీ ఆధారంగా చేసిన అధ్యయనంలో అక్కడి చిన్న హైస్కూళ్లు చదువు పూర్తిచేసే పిల్లల శాతాన్ని పెంచాయని తేలింది. ఆలోచన చెడ్డది కాకపోవచ్చు, దానికి మొదట చూపిన రుజువే రుజువు కాదు. ర్యాంకుల పట్టిక ఎప్పుడు చూసినా, మొదటి పది బడుల పేర్లు చదవగానే చివరి పది కూడా చదవడం నాకు ఇందువల్లే అలవాటైంది.

కొలత గురించి కూడా రెండు మాటలు. అమెరికాలో 2002 జనవరిలో అధ్యక్షుడు సంతకం చేసిన చట్టం, 2014 నాటికి ప్రతి పిల్లవాడూ చదవడంలోనూ గణితంలోనూ నిర్ణీత స్థాయి అందుకోవాలని గడువు పెట్టింది. ఆ స్థాయి ఎంతో నిర్ణయించుకునే అధికారం రాష్ట్రాలకే ఇచ్చింది. కొన్ని రాష్ట్రాలు గీతను కిందికి దించుకున్నాయి. గడువు వచ్చింది, లక్ష్యం రాలేదు. 2015లో చట్టాన్నే మార్చుకున్నారు. ఈలోగా అట్లాంటా నగరంలో 2011లో వెలువడిన విచారణ నివేదిక, 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులకూ ప్రధానోపాధ్యాయులకూ పరీక్ష అక్రమాలతో సంబంధం ఉందని చెప్పింది. తప్పు జవాబులు చెరిపి ఒప్పు జవాబులు దిద్దారు. ఒక కొలత మీద ఎంత ఎక్కువ పణం పెడితే అది అంత చెడిపోతుందని, తాను కొలవవలసిన దాన్ని కూడా చెడగొడుతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించాడు. నేను పనిచేసిన ఒక బడిలో ఏటా ఉత్తీర్ణత శాతం పెరుగుతూ ఉండేది. వెనకబడిన పిల్లలను పరీక్ష ఏడాదికి ముందే ఏదో ఒక వంకతో పంపించివేసేవారని నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది, నోరు తెరవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ శాతాలను ఎవరైనా పరిశోధకుడు తీసుకుని ఉంటే, మా బడిని ఆదర్శంగా చూపించేవాడు.

వేర్వేరు దేశాల పదిహేనేళ్ల పిల్లల చదువును పోల్చడానికి 2000లో మొదలైన పీసా పరీక్షల తొలి విడతల్లో ఫిన్లండ్ అగ్రస్థానాన నిలవగానే ఎన్నో దేశాల బృందాలు అక్కడికి పరుగులు తీశాయి. గణితంలో 2006లో 548 పాయింట్లున్న ఆ దేశం 2022లో 484కు దిగింది. ఎక్కినప్పుడు కారణాలు చెప్పినంత ధీమాగా దిగినప్పుడు ఎవరూ చెప్పలేదు. ఎక్కడానికి చెప్పిన కారణాల్లో చాలావరకు అక్కడ ఇప్పటికీ అలాగే ఉన్నాయి మరి.

ఇంతా చదివి, పరిశోధన దండగ అని నేనంటున్నానని అనుకోకండి. లాటరీ పద్ధతి లేకపోతే మనమింకా ఇంటి చలవను బడి ఖాతాలో రాసుకుంటూనే ఉండేవాళ్లం. పేదరికం మీద క్షేత్ర ప్రయోగాలకు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రెమెర్‌లకు 2019లో నోబెల్ వచ్చిందంటే అందులో బడుల మీద చేసిన పనికి పెద్ద వాటా ఉంది. వయసును బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టి నేర్పితే ఫలితం ఉంటుందని మన దేశంలో చాలాచోట్ల చేసిన ప్రయోగాల్లో తేలింది. నా ఫిర్యాదు పరిశోధనకూ పాఠకుడికీ మధ్య ఉన్న దారి మీద. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం సుమారు ఆరు లక్షల మంది విద్యార్థులను పరిశీలించి, బడుల సదుపాయాల్లోని తేడాల కంటే కుటుంబ నేపథ్యంలోని తేడాలే మార్కుల తేడాలను ఎక్కువగా వివరిస్తున్నాయని చెప్పింది. అది జనంలోకి వచ్చేసరికి "బడి వల్ల ప్రయోజనం లేదు" అన్న మాటగా మారింది. బడికి వెళ్లేవారినీ అసలు వెళ్లనివారినీ ఆ నివేదిక పోల్చనే లేదు. అరవై ఏళ్లవుతున్నా ఆ తప్పుడు మాట ఇంకా తిరుగుతూనే ఉంది.

అందుకని మీకు ఒక విన్నపం. విద్యా పరిశోధన గురించి వార్త వేసినప్పుడు, ఎవరిని ఎవరితో పోల్చారు, దేన్ని కొలిచారు, ఎంతకాలం తర్వాత కొలిచారు, పథకాన్ని నడిపింది ఎవరు, డబ్బిచ్చింది ఎవరు అన్నవి నాలుగు వాక్యాల్లో రాయించండి. స్థలం లేదంటారా, శీర్షిక కాస్త చిన్నది చేయండి. ఇంగ్లండులో 2011లో ఏర్పడిన ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ ఒక్కో పద్ధతికీ ఎంత ఫలితం, ఎంత ఖర్చు అన్నవాటితో పాటు ఆ రుజువు ఎంత గట్టిదో కూడా గుర్తులు వేసి చూపిస్తుంది. పరీక్షించిన పథకం విఫలమైనా నివేదికను ప్రచురిస్తుంది. ఆ మూడో గుర్తును పత్రికలు కూడా వాడవచ్చు. ఒక్క అధ్యయనమే ఉందా, వేర్వేరు చోట్ల పది జరిగాయా అన్న చిన్న సంగతి చెప్పినా పాఠకుడు తన తూకం తాను వేసుకుంటాడు.

అలాగే, పరిశోధన తేల్చలేనివి ఏవో విడిగా చెప్పమని మీ వ్యాసకర్తలను కోరండి. బడి ఉన్నది పిల్లవాడికి ఉద్యోగార్హత ఇవ్వడానికా, వేర్వేరు ఇళ్ల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చునే అవకాశం కల్పించడానికా అన్న ప్రశ్నకు పరీక్ష మార్కుల్లో జవాబు వెతికితే దొరకదు. నిజానికి మీ పుటలో జరిగిన వాదంలో సగం ఈ ప్రశ్న మీదే. ఇద్దరూ దాన్ని అంకెల చాటున పెట్టి మాట్లాడారు.

అమెరికాలో 1991 నుంచి 1993 వరకు విద్యాశాఖ సహాయ కార్యదర్శిగా పనిచేసిన డయాన్ రావిచ్ మొదట పరీక్షల ఆధారంగా బడుల జవాబుదారీని, బడిని ఎంచుకునే స్వేచ్ఛను సమర్థించారు. అమలు తీరు చూశాక 2010 నాటికి బహిరంగంగా మనసు మార్చుకుని, వాటికి గట్టి విమర్శకురాలయ్యారు. ఆమె మార్చుకున్న అభిప్రాయం సరైనదా కాదా అన్నది పక్కన పెడితే, మార్చుకోవడానికి కారణాలివీ అని చెప్పుకున్నవారు ఈ చర్చలో బహు కొద్దిమంది. మీ ఇద్దరు వ్యాసకర్తలకూ నా తరఫున ఒక్క ప్రశ్న పంపండి. రేపు ఇలాంటిదే మరో అధ్యయనం జరిగితే, అందులో ఏ ఫలితం వస్తే మీరు మీ మాట వెనక్కి తీసుకుంటారు? వారి జవాబులను పక్కపక్కనే అచ్చువేయగలరని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు